బాస్ రాడ్డుతో కొర్రమట్ట పడుతుందా? పాత ఫైబర్ బోటు కొనొచ్చా?

దేవరకొండ రాడ్డు:
అన్నలకు నమస్తే. అమెరికా వాళ్ల బాస్ చేపల వేట వీడియోలు చూసి ఒక రాడ్డు, ఎరగా వేసే రబ్బరు కప్పలు తెప్పించుకున్నాను. బాస్ మన నీళ్లల్లో లేదని తెలుసు, నా ఆశ కొర్రమట్ట మీదే. డిండిలో, సాగర్ వెనక నీళ్లల్లో గుర్రపుడెక్క, తుంగ ఉన్న చోట్ల వేద్దామనుకుంటున్నాను. ఇంకోటి, ఒకాయన పాత ఫైబర్ బోటు, టూ స్ట్రోక్ మోటారు కలిపి అమ్ముతున్నాడు. కొనే ముందు ఏం చూడాలి? ఏ దారం వాడాలి? పర్మిషన్ సంగతేమిటి?

పాలమూరు కప్పగాలం:
తమ్మీ, రాడ్డు బ్రహ్మాండంగా పనికొస్తుంది. బాస్, కొర్రమట్ట రెండూ మాటు వేసి కొట్టే చేపలే కాబట్టి ఆ కప్పలు ఇక్కడా నడుస్తాయి. కొర్రమట్టకు నోరు గట్టి, పళ్లు పదును. పల్చటి నైలాన్ దారమైతే తూడులో దూరి తెంపుకుని పోతుంది. అల్లిక దారం పెట్టు, 40 పౌండ్ల బలానికి తగ్గకుండా. కప్పను ఆకుల మీదికి విసిరి మెల్లగా తెస్తూ, నీళ్లు కనపడ్డ సందులో ఆపు. కొట్టగానే గుంజొద్దు. కప్ప కిందికి మునిగి దారం బిగిశాక గట్టిగా లాగు. మొన్నటి వానలకు కోయిల్‌సాగర్ అంచున ఎర్రటి పిల్లల గుంపు తేలింది. దాని మీద కప్ప వేయగానే తల్లి వచ్చి కొట్టింది, మోచేతి పొడవుంది. ఈ కాలంలో అంతకంటే సులువైన పద్ధతి లేదు.

జూరాల పుట్టి:
పిల్లల మీద ఉన్న చేపను పట్టి ఇక్కడ గొప్పగా చెప్పుకుంటున్నావా? అది ఆకలితో కొట్టలేదు, పిల్లల జోలికి వచ్చిందని కొట్టింది. దాన్ని తీసేస్తే ఆ పిల్లలను జిలేబి, జెల్ల చేపలు గంటలో ఖాళీ చేస్తాయి. ఒక చేప కోసం ఒక గుంపు మొత్తం పోయింది. 2016 నుంచి కొర్రమీను, అదే ఈ కొర్రమట్ట, మన తెలంగాణ రాష్ట్ర చేప. ఆ మాటకైనా విలువ ఇవ్వండి.

పాలమూరు కప్పగాలం:
నేను గాలంతో పట్టింది ఒక్కటి. మీరు వలలతో ఊడ్చేది ఎన్ని? ముందు వాళ్లకు చెప్పండి.

జూరాల పుట్టి:
మా వల కన్ను పెద్దది, పిల్ల చేప జారిపోతుంది. మాకు రేపు కూడా అదే నీళ్లల్లో బతుకు. నువ్వు ఆదివారం వచ్చి పోతావు.

కొల్లాపూర్ గట్టు:
వలల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. సోమశిల దగ్గర అలివి వలలు చూశారా? దోమతెర లాంటి కన్ను. వేలెడు పిల్ల కూడా తప్పించుకోదు. గుట్టలుగా ఎండబెట్టి బస్తాలకు ఎత్తుతారు. ప్రభుత్వం ఉచితంగా వదిలిన బొచ్చె, రవ్వ పిల్లలు కూడా అందులోనే పోతున్నాయి. అడగబోతే బెదిరింపులు. ఊరి మత్స్యకారుడికి మిగిలేది ఖాళీ వల. మీరు ఒక కప్పగాలం గురించి కొట్లాడుకుంటున్నారు.

సాగర్ గాలి:
అన్నా, అది తప్పే, దాంతో ఇది ఒప్పు కాదు. పిల్లలతో ఉన్న జంటను వదిలెయ్యాలి. నీటి మీద ఎర్ర చుక్కల్లా గుంపు తేలి, గాలి కోసం ఒక్కసారి బుడబుడమంటే అక్కడ గాలం వెయ్యకుండా పక్కకు పోతాను. పిల్లలు లేని చోట, తుంగ మొదట్లో, నీడలో పెద్దవి దొరుకుతాయి. ఓపిక కావాలి.
ఇక బోటు. సాగర్‌లో మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. ఒడ్డు దగ్గర ప్రశాంతంగా ఉందని లోపలికి పోతే తిరిగి రావడం కష్టం. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. నీటిమట్టం నిండు 590 అడుగుల నుంచి దిగేకొద్దీ బండలు, మోడులు పైకొస్తాయి. పోయిన నెల దాటిన దారిని ఈ నెల నమ్మొద్దు.

హాలియా మోటారు:
బోటు గురించి అడిగినవాడిని అందరూ మర్చిపోయారు. కృష్ణ మీద తిరిగే మోటార్లు విప్పి బిగించడమే నా పని, కాబట్టి వినండి.
ముందు గేర్ ఆయిల్ స్క్రూ కింద నుంచి కొంచెం విప్పి చూడు. ఆయిల్ తెల్లగా పాలలా వస్తే లోపలికి నీళ్లు పోతున్నాయి. మన దగ్గర దీనికి పెద్ద కారణం తెగిపోయిన వల, గాలం దారం. రెక్క (ప్రొపెల్లర్) వెనక షాఫ్టుకు చుట్టుకుని, నీళ్లు ఆపే సీలును కోస్తుంది. మీ అల్లిక దారమైతే ఇంకా ప్రమాదం. ప్రొపెల్లర్ తీసి చూడకుండా ఎవరూ కొనొద్దు.
తర్వాత మోటారు నీళ్లల్లో పెట్టి స్టార్ట్ చెయ్. పక్క నుంచి సన్నటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపు. దారి మూసుకుపోయి ఉండాలి, లేదా నీళ్లు లాగే లోపలి రబ్బరు ఇంపెల్లర్ అరిగి ఉండాలి. ఇంపెల్లర్ చిన్న ఖర్చు, పిస్టన్ పట్టేస్తే పెద్ద ఖర్చు. పొడి నేల మీద స్టార్ట్ చేసి చూపిస్తే ఒప్పుకోవద్దు, ఆ కాసేపట్లోనే రబ్బరు కాలిపోతుంది.
మోటారు తగిలించే వెనక చెక్కను సుత్తి పిడితో కొట్టి విను. గట్టి శబ్దం రావాలి. మొద్దు శబ్దం వస్తే ఫైబర్ లోపల చెక్క చివికింది. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి అలా అవుతుంది. పైన రంగు వేసి దాచేస్తారు.

జూరాల పుట్టి:
ఇంత గొడవెందుకు? వెదురు పుట్టి తీసుకో. కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. కారితే ఎండబెట్టి మళ్లీ తారు పూస్తే అయిపోతుంది. పెట్రోలు లేదు, శబ్దం లేదు. మోటారు చప్పుడుకు తుంగలో చేప ఉంటుందా?

సాగర్ గాలి:
పుట్టి తిప్పడం మీకు చిన్నప్పటి నుంచి వచ్చు. కొత్తవాడు గాలిలో ఎక్కితే గిరగిర తిరుగుతుంది. నిలబడి రాడ్డు విసిరితే బోల్తా పడుతుంది.

మిర్యాలగూడ రీలు:
పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి? మా బాబాయి బండికి పోసే టూటీ ఆయిలే పోస్తాడు, ఏమీ కాలేదంటాడు.

హాలియా మోటారు:
బండి ఇంజన్ గాలికి చల్లారేది, బోటు ఇంజన్ నీళ్లకు చల్లారేది. ఆయిల్ వేరు, డబ్బా మీద టీసీడబ్ల్యూ త్రీ (TC-W3) అని చూసి కొను. చాలా మోటార్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు. పాత వాటిలో కొన్నింటికి ఎక్కువ కావాలి, మోటారు పుస్తకంలో ఉన్నదే లెక్క. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంది, అది తేమ పీలుస్తుంది. వాడని రోజుల్లో కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఉంచొద్దు. పెట్రోలు పైపు తీసేసి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపించు.

పాలమూరు కప్పగాలం:
సరే, పిల్లల గుంపు దగ్గర ఇక వెయ్యను. కానీ జూరాల అన్నా, ఆదివారం వచ్చి పోతావన్న మాట బాగాలేదు. నాకూ చేప మీద ప్రేమ ఉంది.

జూరాల పుట్టి:
వెయ్యనన్నావు, సంతోషం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.
పర్మిషన్ ఎవరూ చెప్పలేదు. చెరువు అయితే ఊరి మత్స్య సహకార సంఘానిది. అధ్యక్షుడిని కలిసి అడగకుండా గాలం వెయ్యొద్దు. ప్రాజెక్టులకు మత్స్యశాఖ లైసెన్సు ఉంటుంది, జిల్లా ఆఫీసులో అడుగు. శ్రీశైలం వెనక నీళ్ల ఒడ్డు కొంత అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది. అటువైపు అటవీశాఖ ఊరుకోదు.

దేవరకొండ రాడ్డు:
పోయి చూసొచ్చాను. ధార బాగానే వచ్చింది, గేర్ ఆయిల్ శుభ్రంగా ఉంది. వెనక చెక్క ఎడమ వైపు మొద్దు శబ్దం. అడుగున జానెడు పగులు కూడా ఉంది. ఇంటి దగ్గరే రెసిన్ పెట్టుకోవచ్చా?

హాలియా మోటారు:
పగులు పెట్టుకోవచ్చు. బాగా ఎండనిచ్చి, చుట్టూ గరుకుగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి రెసిన్‌తో ఫైబర్ మ్యాట్ వెయ్. మన ఎండకు హార్డనర్ తక్కువ కలుపు, ఎక్కువైతే గిన్నెలోనే గట్టిపడి పొగలొస్తుంది. చెక్క మాత్రం ఇంటి పని కాదు. దాని ఖర్చు తగ్గించి ఇస్తేనే బోటు తీసుకో, లేదంటే మోటారు ఒక్కటే అడుగు.