‘మనుషులోయ్’ ఉన్నచోట ‘పౌరులోయ్’ పడుతుందా?

సోషల్ టీచర్: పిల్లలకు పౌరసత్వం పాఠం చెబుతూ గురజాడ గేయం ఎత్తుకున్నాను. ‘సొంత లాభం కొంత మానుకుని పొరుగు...’ దగ్గర ఆగిపోయాను. ‘వాడికా’, ‘వారికా’? ఇంకో సందేహం. ‘సివిల్ సొసైటీ’ని పౌర సమాజం అంటున్నాం. పల్లెటూరి పిల్లలకు ఆ మాట అతుకుతుందా?

పద్యాల మాస్టారు: ముందు ‘మానుకుని’ తీసెయ్యండమ్మా. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం. దాని నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలం కొలతలు. ‘మానుకు’ నాలుగు మాత్రలు, ‘ని’ చేరిస్తే ఐదు. ‘వాడికి’, ‘వారికి’ రెండూ నాలుగే, కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. నాకు కంఠస్థమైంది ‘వాడికి’. ఆ దగ్గరితనం ‘వారికి’లో రాదు.

కోర్టు గుమాస్తా: మాత్రలు లెక్కేస్తే ‘దేశమంటే మనుషులోయ్’ దగ్గర ‘పౌరులోయ్’ కూడా సరిపోతుంది మాస్టారూ. ‘మనుషు’ మూడు, ‘పౌరు’ మూడు. ‘ప్రజలోయ్’ అంటేనే ఒకటి తగ్గుతుంది. అంటే కావాలనే ‘మనుషులు’ అన్నాడు. రాజ్యాంగంలో 19వ అధికరణం హక్కులు పౌరులకే, 14, 21 ఏ వ్యక్తికైనా. ఆ తేడా గురజాడ ముందే పట్టాడు!

పద్యాల మాస్టారు: అంత దూరం లాగకండి. ఆయన 1915లో పోయారు. అప్పటికి మనం బ్రిటిష్ చక్రవర్తి ప్రజలం. ‘పౌరుడు’ అంటే పురంలో ఉండేవాడు, పట్నవాసి. ‘పౌర జానపదులు’ అని, అంటే పట్నంవాళ్లూ పల్లెవాళ్లూ అని, జంటగా అనేవారు. ‘దేశమంటే పౌరులోయ్’ అంటే పల్లెలన్నీ దేశానికి బయటే ఉండిపోయేవి.

కొత్త సభ్యుడు: పౌరుషం కూడా ఇందులోంచేనా అండీ?

పద్యాల మాస్టారు: కాదు నాయనా. అది ‘పురుష’ నుంచి.

ఊరి లైబ్రేరియన్: మాట పుట్టినచోటే ఆగిపోదు కదా మాస్టారూ. మా ఊళ్లో రేషన్ బియ్యం ఇచ్చేది పౌరసరఫరాల శాఖే, వాటిని పట్నం బియ్యం అని ఎవరూ అనరు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది బాలగోపాల్. పౌరహక్కుల సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసి, బయటికొచ్చాక 1998లో పెట్టిన సంస్థకు ‘మానవ హక్కుల వేదిక’ అని పేరు. పౌర పోయి మానవ వచ్చింది. ఆ ఒక్క మాట మార్పు గురించి ఎంతసేపైనా మాట్లాడతాను.

కోర్టు గుమాస్తా: నేనన్నదీ అదేగా!

పద్యాల మాస్టారు: గేయం వదిలేసి ఎక్కడికో పోతున్నాం. ‘ఈసురోమని మనుషులుంటే దేశమేగతి బాగుపడునోయ్’ అన్నాడు. ‘కండ కలవాడేను మనిషోయ్’ అన్నాడు. తిండితో మొదలుపెట్టి మనిషిని నిలబెట్టుకుంటూ వచ్చాకే ‘దేశమంటే మనుషులోయ్’. అక్కడ ఇంకో మాట పెడితే ఆ దారం తెగుతుంది. రాజ్యాంగం దాకా పోనక్కర్లేదు.

సోషల్ టీచర్: నా పాఠం మాటేమిటండీ? సివిల్ సొసైటీ అంటే ఇటు ఇల్లూ కాదు, అటు ప్రభుత్వమూ కాదు, మధ్యలో జనం తమంతట తాము కూడే చోటు. పిల్లలు యూత్ క్లబ్బు, భజన మండలి అని ఉదాహరణలు చెప్పారు. వీటన్నిటికీ కలిపి ఒక మాట కావాలి.

ఊరి లైబ్రేరియన్: ‘సంఘం’ చాలదా? 1940లలో నల్గొండ పల్లెల్లో ఆంధ్ర మహాసభను ‘సంఘం’ అనే పిలిచేవారు. చదువు రానివాళ్ల నోట్లో కూడా బతికిన మాట.

కోర్టు గుమాస్తా: సంఘం అంటే రిజిస్ట్రేషన్ ఉన్నదా, లేనిదా?

పద్యాల మాస్టారు: ‘సంఘం’ నాకు నచ్చింది. మీ లైబ్రరీలో గురజాడ పాత ముద్రణ ఉంటే ‘వాడికి’ దగ్గర ఫొటో తీసి పెట్టండి. నా ప్రతిలో ఆ పేజీ చిరిగిపోయింది.