పాత రీడ్ ఆర్గాన్ స్టాప్‌లకి కొత్త లేబుల్స్ ఎలా?

ప్రశ్న: కాళ్లతో తొక్కే పాత రీడ్ ఆర్గాన్ బాగుచేస్తున్నాను. తిత్తులు, రీడ్లు ఓ దారికొచ్చాయి గానీ, ఏ రీడ్ల వరస పలకాలో ఎంచుకోడానికి లాగే స్టాప్ నాబ్‌ల మీది గుండ్రటి బిళ్లలు మూడు ఊడిపోయాయి. మిగతావాటి మీద డయాపేసన్ 8, వయోలా 4, వాక్స్ హ్యుమానా అని గోథిక్ అక్షరాల్లో ఉంది. పోయినవాటి పేర్లేంటో ఎలా తెలుస్తుంది? కాగితం మీద ప్రింట్ తీసి అంటిస్తే చాలా, చెక్కించాలా?

జవాబు: ముందు పేర్లు తేల్చుకోండి, లేబుళ్ల సంగతి తర్వాత. మిగతావన్నీ మూసేసి, పేరు లేని స్టాప్ ఒక్కటే లాగి, ఎడమ సగంలో ఓ మెట్టు, కుడి సగంలో ఓ మెట్టు నొక్కండి, ఎందుకంటే చాలా స్టాప్‌లు సగం మెట్లకే పనిచేస్తాయి. పియానోలో అదే మెట్టు పలికే శ్రుతే పలికితే 8, ఒక ఆక్టేవ్ పైన పలికితే 4, కింద పలికితే 16. ఎడమ సగంలో డయాపేసన్ ఉంటే కుడి సగంలో దాని జోడీ తరచుగా మెలోడియా. అసలు శబ్దమే రాకపోతే ఫోర్టేనో (శబ్దం పెంచేది) కప్లరో (నొక్కిన మెట్టుతో పాటు ఇంకో ఆక్టేవ్ మెట్టునీ పలికించేది) అయ్యుంటుంది, వాటికి అంకె ఉండదు.

జవాబు: నా ఓటు కాగితానికే. మంచి బిళ్లని 600 డీపీఐలో స్కాన్ చేసి, అక్షరాలు దాన్నుంచే తీసుకోండి, కంప్యూటర్‌లో దొరికే గోథిక్ ఫాంట్ పక్కన పెడితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. ప్రింట్ 100 శాతం సైజులోనే తీయండి, లేజర్ ప్రింటర్ అయితే మేలు, ఇంక్‌జెట్ సిరా వార్నిష్ తగిలితే పాకిపోవచ్చు. తెల్ల కాగితం మాత్రం వద్దు, పాత బిళ్లల మధ్య కట్టుడు పన్నులా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సూపర్ గ్లూ జోలికి పోకండి, రేపు తీయాలంటే నాబ్ పాడవుతుంది.

జవాబు: కాగితం చవకే, కానీ వేళ్లు తగిలి మాసిపోతుంది. యాక్రిలిక్ మీద లేజర్‌తో చెక్కించి, గీతల్లో నల్ల రంగు నింపి పైన తుడిచేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. పీవీసీ ముక్క మాత్రం లేజర్ కింద పెట్టనివ్వకండి, విషవాయువు వస్తుంది. పాత బిళ్లలు సెల్యులాయిడ్ అయితే వేడి, అసిటోన్ రెండూ దూరంగా ఉంచండి. అది ఇట్టే అంటుకుంటుంది, అసిటోన్‌లో కరిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: రెండు తేలాయండీ, ఒకటి మెలోడియా, ఒకటి కప్లర్. మూడోది లాగితే ఏమీ జరగట్లేదు!

జవాబు: వెనక కడ్డీ దేనికైనా తగిలి ఉందా చూడండి. స్టాప్‌లు ఎక్కువ కనబడాలని ఉత్తుత్తి నాబ్‌లు పెట్టిన ఆర్గాన్లూ ఉన్నాయి. అదే అయితే మీకు నచ్చిన పేరు పెట్టుకోండి.