మరినర్స్ 2026: పోలాంకో, స్వారెజ్ లేని ఇన్‌ఫీల్డ్ సరిపోతుందా?

బెల్‌వ్యూ_బుల్‌పెన్ (ప్రశ్న)

2025 డిసెంబర్ చివరికొచ్చాం కాబట్టి మన సీటెల్ బేస్‌బాల్ జట్టు మరినర్స్ లెక్క వేసుకుందాం. 2025లో 90 విజయాలు, 2001 తర్వాత మొదటి డివిజన్ టైటిల్, అమెరికన్ లీగ్ ఫైనల్లో టొరంటో మీద ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడిన సిరీస్. జాష్ నేలర్ ఐదేళ్లకు 9.25 కోట్ల డాలర్లకు ఉండిపోయాడు, ఫస్ట్ బేస్ గొడవ తీరింది. కానీ హోర్హే పోలాంకో రెండేళ్లకు 4 కోట్లు తీసుకుని మెట్స్‌కి వెళ్లిపోయాడు. యూహెనియో స్వారెజ్ ఒప్పందం అయిపోయి ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. అంటే సెకండ్ బేస్, థర్డ్ బేస్ రెండూ ఖాళీ. కోల్ యంగ్, బెన్ విలియమ్సన్‌లతో మొదలుపెట్టి ఇంకా మైనర్ లీగ్‌లో ఉన్న కుర్రాడు కోల్ట్ ఎమర్సన్ కోసం ఆగడం మంచిదా, లేక ఒక స్టార్టర్‌ని (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ని) వదులుకుని మంచి బ్యాటర్‌ని తెచ్చుకోవాలా? ఐదుగురు స్టార్టర్లున్నారు కదా, ఒకరిని అమ్మితే తప్పేముంది అని చాలామంది అంటున్నారు. వివరంగా చెప్పగలవాళ్లు చెప్పండి.

టకోమా_గేటు

స్టార్టర్‌ని ముట్టుకోకూడదు. ఐదుగురున్నారన్నది కాగితం మీది మాట. 2025 ఎలా నడిచిందో ఒక్కసారి చూడండి. జార్జ్ కర్బీ భుజం వాపుతో సీజన్‌ని ఇంజురీ లిస్ట్ మీదే మొదలుపెట్టి మే నెలాఖరులో గానీ రాలేదు. లోగన్ గిల్బర్ట్ ఏప్రిల్ చివర్లో మోచేతి దగ్గర ఫ్లెక్సర్ కండరం పట్టేసి జూన్ దాకా లేడు. బ్రైస్ మిల్లర్‌కి మోచేతిలో బోన్ స్పర్ (ఎముక మీద పెరిగిన ముల్లు). రెండుసార్లు లిస్ట్‌లోకెళ్లాడు, ఈఆర్‌ఏ (పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు) 5.68కి పోయింది. బ్రయన్ వూ మొదటి 25 స్టార్ట్‌లలో ప్రతిసారీ ఆరు ఇన్నింగ్స్‌కి తగ్గకుండా వేశాడు. అలాంటివాడు కూడా సెప్టెంబర్‌లో ఛాతీ కండరం నొప్పితో ఆగిపోయి, టొరంటో సిరీస్‌లో రిలీవర్‌గా (మధ్యలో దిగే పిచర్‌గా) రావాల్సొచ్చింది. ఏడాదంతా నిలబడింది లూయిస్ కస్టీయో ఒక్కడే. ఈ ఐదుగురిలో ఒకరిని తీసేస్తే ఎమర్సన్ హాన్‌కాక్ ఐదోవాడవుతాడు, ఆరోవాడంటూ ఎవరూ ఉండరు. మే నెలకల్లా ఆరోవాడు కావాల్సొస్తుంది, అది ఖాయం.

మిల్లర్‌ని అమ్మమనేవాళ్లకి ఇంకో మాట. మోచేతిలో స్పర్ ఉన్న పిచర్‌కి ఇప్పుడు మార్కెట్‌లో సగం ధర కూడా పలకదు. అవతలి జట్టు డాక్టర్లు ముందు అడిగేది ఆ ఎంఆర్‌ఐనే.

లెఫ్టీ_స్ప్లిట్స్

ఇన్‌ఫీల్డ్ కంటే ముందు ఎడమ-కుడి లెక్క చూడాలి, ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు. నేలర్, షార్ట్‌స్టాప్ క్రాఫర్డ్, యంగ్, కాన్‌జోన్, లూక్ రేలీ అందరూ ఎడమచేతి బ్యాటర్లే. రేపు కోల్ట్ ఎమర్సన్ వచ్చినా అతనూ ఎడమే. పోలాంకో రెండు వైపులా ఆడేవాడు, స్వారెజ్ కుడిచేతి వాటం. ఇద్దరూ పోయాక మంచి ఎడమచేతి స్టార్టర్ ఎదురైన రోజున నమ్మదగ్గవాళ్లు హూలియో రోడ్రిగెజ్, అరోసరేనా, రెండు వైపులా కొట్టే క్యాచర్ కాల్ రాలీ, అంతే. రాబ్ రెఫ్‌స్నైడర్‌ని తెచ్చింది అందుకే. అతను ఎడమచేతి పిచర్ల మీద బ్రతికే బ్యాటర్. కాన్‌జోన్ 2025లో 300 సగటు (వెయ్యి అవకాశాల్లో 300 హిట్లు) కొట్టాడని అతన్ని రోజూ ఆడించమంటున్నారు గానీ, కుడిచేతి పిచర్లు ఉన్నప్పుడు కాన్‌జోన్, ఎడమచేతి వాళ్లు ఉన్నప్పుడు రెఫ్‌స్నైడర్ డీహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా) దిగితే ఆ స్థానం నుంచి ఎక్కువ పరుగులొస్తాయి.

సీటెల్ పార్కు సంగతి కూడా మరవకండి. ఏప్రిల్‌లో చల్లటి గాలికి బంతి గోడ దాకా వెళ్లి ఆగిపోతుంది. 2024లో ఈ జట్టు 1,625 స్ట్రయిక్ అవుట్లతో (బంతిని కొట్టలేకుండానే అవుటవడం) లీగ్‌లో అందరికంటే ముందుంది, ఆ ఏడాది ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. నేలర్ లాంటి బ్యాట్‌కి బంతి తగిలించేవాడు ఇక్కడ విలువైనవాడంటే కారణం అదే. స్వారెజ్ మొత్తం 49 హోమ్ రన్లు కొట్టినా సీటెల్‌కి వచ్చాక సగటు 189. అతన్ని మళ్లీ తీసుకోవద్దనే అంటాను, టొరంటో మీద ఐదో మ్యాచ్‌లో కొట్టిన గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) ఎంత గొప్పదైనా.

బెల్‌వ్యూ_బుల్‌పెన్

అయితే 26 మంది జట్టులో 13 మంది బ్యాటర్లు ఎవరవుతారు? నా లెక్కలో ఎమర్సన్‌కి చోటు దొరకడం లేదు.

రోస్టర్_రూల్స్

మీ లెక్క సరైనదే. పిచర్లు 13కి మించకూడదు, ఎలాగూ అందరూ 13 వాడతారు. మిగిలిన 13: రాలీ, అతనికి బ్యాకప్‌గా నిజ్‌నర్, నేలర్, యంగ్, క్రాఫర్డ్, విలియమ్సన్, లియో రీవాస్, అరోసరేనా, హూలియో, రోబ్లెస్, రేలీ, కాన్‌జోన్, రెఫ్‌స్నైడర్. నిండిపోయింది. నేలర్‌కి విశ్రాంతి ఇచ్చిన రోజు రేలీ ఫస్ట్ బేస్‌లో నిలబడతాడు, క్రాఫర్డ్‌కి రీవాస్.

ఎమర్సన్ మార్చిలో బాగా ఆడితే వెళ్లేది విలియమ్సన్. అతన్ని వేవర్స్ (వేరే జట్లు తీసుకునే అవకాశం) లేకుండానే మన మైనర్ లీగ్ జట్టు టకోమాకి పంపొచ్చు. గ్లవ్ అద్భుతం. కానీ 85 మ్యాచ్‌లలో ఒక్క హోమ్ రన్ అంటే థర్డ్ బేస్‌కి తక్కువ. ఎమర్సన్‌ని మొదటి రోజు నుంచే ఉంచాలా అన్నదానికి డబ్బు లెక్క కూడా ఉంది. 172 రోజులు రోస్టర్‌లో ఉంటే ఒక సర్వీస్ ఏడాది (ఆటగాడు ఫ్రీ ఏజెంట్ కావడానికి లెక్కేసే ఏడాది) పూర్తవుతుంది. రెండు వారాలకు పైగా కింద ఉంచితే జట్టుకి అదనంగా ఒక ఏడాది హక్కు మిగులుతుంది. దానికి విరుగుడే ప్రమోషన్ ఇన్సెంటివ్ నియమం: టాప్ 100 జాబితాల్లో ఉన్న కుర్రాడిని సీజన్ అంతా ఉంచి, అతను రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) గెలిస్తే జట్టుకి మొదటి రౌండ్ తర్వాత అదనపు డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాడిని ఎంచుకునే వంతు). హూలియో 2022లో గెలిచినందుకు 2023లో 29వ పిక్ వచ్చింది, దాంతోనే జానీ ఫార్మెలోని తీసుకున్నారు. ఈ నియమం వల్ల లాభం పొందిన మొదటి జట్టు మనదే కాబట్టి జట్టుని నడిపే డిపోటో దీన్ని పక్కన పెట్టడు. అయినా ఎమర్సన్ ట్రిపుల్-ఏ (టకోమా ఆడే, మేజర్ లీగ్‌కి కింది మెట్టు) చూసింది సీజన్ ఆఖర్లో కొన్ని రోజులే. ఏప్రిల్, మే నెలలు టకోమాలో ఆడించి, థర్డ్ బేస్‌లో రోజూ నిలబెట్టి చూడటం మేలు. క్రాఫర్డ్ ఒప్పందం 2026తో అయిపోతుంది, షార్ట్‌స్టాప్ ఎలాగూ ఎమర్సన్‌దే.

రాలీ విషయంలో ఒక జాగ్రత్త. 2025లో 159 మ్యాచ్‌లాడి 60 హోమ్ రన్లు కొట్టాడు, మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ కూడా ఉంది. కాళ్లకి విశ్రాంతి ఇవ్వాలంటే డీహెచ్‌గా దింపాలి. అప్పుడు నిజ్‌నర్‌కి దెబ్బ తగిలితే రాలీ క్యాచర్‌గా ప్లేట్ వెనక్కి వెళ్తాడు, జట్టు డీహెచ్ కోల్పోతుంది, నిజ్‌నర్ స్థానంలో పిచర్ బ్యాటింగ్‌కి రావాలి లేదా ప్రతిసారీ పించ్ హిట్టర్‌ని ఖర్చు చేయాలి. మూడో క్యాచర్‌గా హ్యారీ ఫోర్డ్ ఉండి ఉంటే ఈ బెంగ ఉండేది కాదు.

టకోమా_గేటు

ఫోర్డ్‌ని ఇచ్చి వాషింగ్టన్ నుంచి హోసే ఫెరేర్‌ని తేవడం మీద చాలామందికి కోపం ఉంది. నాకు మాత్రం అది సరైన పనే అనిపిస్తుంది. టొరంటో మీద ఏడో మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్ గుర్తు చేసుకోండి. 3-1 ఆధిక్యం, వూ వదిలి వెళ్లిన ఇద్దరు రన్నర్లు సెకండ్, థర్డ్ మీద, రిలీవర్ బజార్డో వచ్చాడు, టొరంటో బ్యాటర్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్. 4-3. ఆ క్షణాన మన క్లోజర్ (ఆఖర్లో దిగే పిచర్) మునోజ్ బుల్‌పెన్‌లోనే ఉన్నాడు. అలాంటి చోట బంతిని నేల మీదికి కొట్టించే పిచర్ కావాలి. ఫెరేర్ ఎడమచేత్తో 97-98 మైళ్ల సింకర్ (చివర్లో కిందికి దిగే బంతి) వేస్తాడు. 4.48 ఈఆర్‌ఏ చూసి భయపడకండి, అతని మీద బ్యాటర్లు కొట్టే బంతుల్లో ఎక్కువ భాగం గ్రౌండర్లే, వాటిని ఆపడానికి వెనక క్రాఫర్డ్, విలియమ్సన్ ఉన్నారు. రిలీవర్ స్పైయర్ ఒక్కడిమీదే ఎడమచేతి భారం పడటం కూడా ఆగుతుంది.

ఎనిమిదో రిలీవర్ చోటు మాత్రం టకోమా నుంచి వచ్చిపోయేవాళ్లకి వదిలేయాలి. ఒకే పిచర్‌ని ఏడాదిలో ఐదుసార్లే కిందికి పంపగలరు, పంపాక ఎవరైనా గాయపడితే తప్ప 15 రోజులు పిలవకూడదు. కాబట్టి ఇద్దరు ముగ్గురు తిరుగుతూ ఉండాలి.

లెఫ్టీ_స్ప్లిట్స్

అసలు ప్రశ్నకి నా జవాబు: సెయింట్ లూయిస్ నుంచి బ్రెండన్ డొనోవన్. మళ్లీ ఎడమచేతి బ్యాటరే, అది లోటే. కానీ సెకండ్, థర్డ్, లెఫ్ట్ ఫీల్డ్ ఎక్కడైనా ఆడతాడు, స్ట్రయిక్ అవుట్లు తక్కువ, జట్టుకి 2027 దాకా అతని మీద హక్కు ఉంటుంది. ధర కుర్రాళ్ల రూపంలో చెల్లించాలి. రెండు చేతులతోనూ పిచ్ చేసే సైంట్యాని అడిగినా నేను ఇచ్చేస్తాను. కుర్ర పిచర్ కేడ్ ఆండర్సన్‌ని, ఎమర్సన్‌ని అడిగితే ఫోన్ పెట్టేయడమే. డొనోవన్ వస్తే యంగ్ మీద ఒత్తిడి తగ్గుతుంది. 211 సగటుతో ముగించిన 22 ఏళ్ల కుర్రాడు ఏప్రిల్‌లో తడబడితే అతన్ని మే దాకా భరించే పరిస్థితి ఈ జట్టుకి లేదు.

బెల్‌వ్యూ_బుల్‌పెన్

అప్పుడు 13 మందిలోంచి పోయేది రేలీనా, రీవాసా?

రోస్టర్_రూల్స్

డొనోవన్ థర్డ్‌లో ఆడితే విలియమ్సన్ టకోమాకి. రీవాస్‌ని కదపకూడదు, క్రాఫర్డ్ తర్వాత షార్ట్‌స్టాప్‌లో నమ్మకంగా నిలబెట్టగలిగేది అతన్నే.