అప్‌డేట్: బస్టాండులో గీత పుస్తకాలు పంచడం గురించి అడిగాను కదా, దారి దొరికింది

బస్టాండులో ఉచితంగా భగవద్గీత ఇస్తుంటే చాలామంది వద్దంటున్నారని, తీసుకున్న ఒక పుస్తకం బెంచీ కింద చెప్పుల మధ్య కనిపించి మనసు చివుక్కుమందని అప్పుడు రాశాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది 'ముందు అడగండి' అన్న సలహా. నడిచివెళ్లేవాళ్లను ఆపడం మానేశాను. కూర్చుని బస్సు కోసం చూస్తున్నవాళ్ల దగ్గరికెళ్లి, "తెలుగు చదువుతారాండీ? గీత ఇంట్లో ఉందా?" అని అడుగుతున్నాను. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేస్తాను. అడిగి తీసుకున్నవాళ్లు పుస్తకాన్ని కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంటున్నారు.

18 అధ్యాయాలు, 700 శ్లోకాలు అనగానే వెనకడుగు వేసేవాళ్లకు హనుమాన్ చాలీసా ఇస్తున్నాను. ఒక పెద్దావిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "పెద్దక్షరాలది లేదా నాయనా?" అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు! ఇప్పుడు పెద్దక్షరాలవి నాలుగైనా సంచిలో ఉంటున్నాయి.

పర్మిషన్ గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను. అక్కడి అధికారిని ముందే కలిస్తే, దారికి అడ్డం లేకుండా ఒక పక్కన చేసుకోమన్నారు. మీ ఊళ్లో కూడా ముందు అడిగే మొదలుపెట్టండి.

పుస్తకం అట్ట రంగు, నా పంచె, బొట్టు వల్ల జనం తీసుకోవడంలో తేడా ఏమీ రాలేదు. 'ఉచితం' అని రాసిన అట్టముక్క పట్టుకుంటే అనుమానంగా చూసేవాళ్లే ఎక్కువయ్యారు, అది తీసేశాను.

ఈ నెలలో బెంచీ కింద ఒక్క పుస్తకం కూడా కనిపించలేదు.