ఐ-130 ఫైల్: కట్టలు కట్టలు పెట్టాలా, ఉన్నవి నాలుగు పెడితే చాలా?

కొత్త కాపురం:
అందరికీ నమస్కారం. నేను అమెరికా సిటిజన్‌ని, పెళ్లయి అయిదు నెలలు, పెద్దవాళ్లు చూసిన సంబంధమే. పెళ్లికి ముందు నాలుగు నెలలు రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం, పెళ్లయ్యాక కలిసి ఉన్నది మాత్రం పదహారు రోజులు, లీవ్ అయిపోయింది నేను వచ్చేశా తను ఇండియాలోనే ఉంది. ఇప్పుడు తనని గ్రీన్‌కార్డ్ మీద ఇక్కడికి తెచ్చుకోవడానికి ఐ-130 పిటిషన్ వేయాలి. ఫారం నింపడం పెద్ద పనేం కాదు, పెళ్లి నిజమైనదే అని చూపించే కాగితాల దగ్గర ఆగిపోయా. ఇన్‌స్ట్రక్షన్స్‌లో ఇద్దరి పేరు మీద ఆస్తి, లీజు, కలిపి నడిపే డబ్బు లెక్కలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, తెలిసినవాళ్ల అఫిడవిట్లు అని ఉంది. మొదటి నాలుగూ మాకు లేవు, పదహారు రోజుల్లో ఎక్కణ్ణుంచి వస్తాయి? రూమ్మేట్ ఏమో జాయింట్ అకౌంట్ తెరువు, ఇన్సూరెన్స్‌లో పేరెక్కించు, చాట్లన్నీ ప్రింట్ తియ్యి, అయిదొందల పేజీలు తగ్గకూడదు అంటాడు. నిజంగా అయిన పెళ్లికి మళ్లీ సాక్ష్యాలు పుట్టించడం ఏంటో, తప్పు చేస్తున్నట్టే ఉంది నాకు. మీరేమంటారు?

కట్టలరాజు:
బ్రో, రూమ్మేట్ చెప్పింది కరెక్ట్. నేను పెట్టింది నాలుగొందల ఇరవై పేజీలు, అందులో ఫోటోలే నూట ఎనభై, ఒక్క ప్రశ్న లేకుండా అప్రూవ్ అయింది. ఆఫీసర్‌కి మనమెవరో తెలీదు, వాళ్లకి కనిపించేది కాగితమే కదా. తక్కువ పెట్టి ఆర్‌ఎఫ్‌ఈ, అంటే ఇంకా సాక్ష్యాలు పంపమనే నోటీసు, తెచ్చుకుంటే మళ్లీ నెలలు పోతాయి. ఎక్కువ పెడితే పోయేదేముంది, ప్రింటర్ ఇంకు తప్ప.

మూడో పేజీ:
పోయేది ఉందండీ. మా తమ్ముడి కేసు చెప్తా. వాడు ఆరొందల పేజీల చాట్లు పెట్టాడు, అంతా తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. తిన్నావా, ఆ తిన్నా, పడుకున్నావా, లేదు ఇంకా. ఇంగ్లీషు కాని ఏ కాగితానికైనా పూర్తి ఇంగ్లీషు అనువాదం పెట్టాలి, చేసినవాళ్లు ఇది పూర్తిగా సరిగ్గా ఉంది, నాకు ఈ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించడం వచ్చు అని సంతకం పెట్టాలి, అది రూలు. అక్షరాలు ఇంగ్లీషువైనంత మాత్రాన భాష ఇంగ్లీషు అయిపోదుగా! ఆరొందల పేజీలూ బరువుకే పనికొచ్చాయి, ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది. రెండోసారి నెలకి రెండు పేజీలు ఏరి అనువాదం చేయించి, కాల్ హిస్టరీ, టికెట్లు, పాస్‌పోర్ట్ స్టాంపులు, పెళ్లికి వచ్చిన ఇద్దరి అఫిడవిట్లు పెట్టాడు. మొత్తం యాభై పేజీలు దాటలేదు. అయిపోయింది.

కట్టలరాజు:
అది అనువాదం పెట్టకపోవడం తప్పు, ఎక్కువ పెట్టడం తప్పు కాదు. రెండూ కలిపేయకండి.

మూడో పేజీ:
ఆరొందల పేజీలకి అనువాదం చేయించి చూడండి, అప్పుడు రెండూ ఒకటే అని మీకే తెలుస్తుంది 🙂

అడ్డగాడిద:
అసలు మొగుడూ పెళ్లాల చాట్లు మూడో మనిషి ఎందుకు చదవాలి? మనం అడగాల్సింది అది వదిలేసి ఎన్ని పేజీలు అని కొట్టుకుంటున్నాం. ఈ అనుమానమంతా 1986 మ్యారేజ్ ఫ్రాడ్ చట్టం నుంచి వచ్చింది, ఆ చట్టానికి ముందు అధికారులు సెనేట్‌లో నూటికి ముప్పై పెళ్లిళ్లు దొంగవే అని లెక్క చెప్పారు, తర్వాత చూస్తే ఆ సర్వేకి తలాతోకా లేదని తేలింది. చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా అడుగుపెడితే ఇప్పటికీ రెండేళ్ల కండిషనల్ గ్రీన్‌కార్డే, అది ముగిసే ముందు తొంభై రోజుల్లో కండిషన్లు తీసేయమని అడిగే ఐ-751 ఫారం వేసి మళ్లీ మొదట్నుంచి రుజువు చేసుకోవాలి. ప్రేమించి పెళ్లి చేసుకుంటే మూడేళ్ల ఫోటోలుంటాయి, మన సంబంధాల్లో పెళ్లికి ముందు ఏముంటాయి, రెండు కుటుంబాలు సోఫాలో కూర్చున్న ఒక ఫోటో. వాళ్ల కొలతతో మన పెళ్లిని కొలుస్తారు, మనం తల ఊపుకుంటూ ప్రింట్లు తీస్తాం.

రెండో ప్రయాణం:
అడ్డగాడిద గారూ, మీ కోపం అర్థమైంది కానీ నా కథ వినండి. నేను స్పాన్సర్ చేసిన మొదటి మనిషి ఫైల్ ఎంత ముచ్చటగా ఉండేదో. జాయింట్ అకౌంట్, ఇన్సూరెన్స్, వరుసగా తేదీలు రాసిన ఫోటోలు, అన్నీ తనే దగ్గరుండి సర్దాడు. కండిషన్లు తీసేసిన కార్డు చేతికొచ్చిన ఏడో వారంలో వెళ్లిపోయాడు. విడాకులయ్యాయి, అయినా అతన్ని పోషించే పూచీ నాది అని నేను సంతకం పెట్టిన ఐ-864 పోలేదు. విడాకులతో ఆ బాధ్యత తీరదు, అతను సిటిజన్ అయ్యేదాకా, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో నలభై క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్ల పని, నిండేదాకా, లేదా దేశం వదిలి పూర్తిగా పోయేదాకా నా మెడకే. కాబట్టి అడగడం వద్దు అని నేననను. కానీ రాజు గారూ, లావు ఫైల్ అంటే నిజమైన పెళ్లి అని కూడా నా దగ్గర అనకండి. నిజమైన వాళ్ల ఫైల్ కంటే వాడి ఫైలే బాగుంది.

కట్టలరాజు:
సారీ అక్కా. అలా ఆలోచించలేదు.

వంటింటి లాయర్:
నేను లాయర్‌ని కాను, చదివింది చెప్తున్నా. చట్టం చూసేది పెళ్లి రోజున ఇద్దరికీ కలిసి బతకాలనే ఉద్దేశం ఉందా లేదా అని. 1953లో సుప్రీంకోర్టు లుట్వాక్ కేసు, యుద్ధంలో పనిచేసినవాళ్లతో పారిస్‌లో పెళ్లి అనిపించి సైనికుల భార్యాభర్తల్ని రానిచ్చే వార్ బ్రైడ్స్ చట్టం కింద మనుషుల్ని దించారు, కాపురం చేసే ఆలోచనే లేదు, శిక్షలు ఖాయం చేశారు. తర్వాత 1975లో బార్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, పెళ్లయ్యాక విడిపోయారన్న ఒక్క కారణంతో దొంగ పెళ్లి అనకూడదు, మొదట్లో ఉద్దేశం ఏంటో చూడండి అంది. ఉద్దేశం కంటికి కనపడదు కాబట్టి ముందూ వెనకా మీరు ఎలా నడుచుకున్నారో చూసి ఊహిస్తారు. అనుమానానికి తావు లేకుండా నిరూపించాలని కూడా లేదు, అబద్ధం కంటే నిజమయ్యే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు.

ఇంక కొత్త కాపురం గారి అసలు ప్రశ్న, పుట్టించిన సాక్ష్యం. పెళ్లయ్యాక భార్య పేరు బెనిఫిషియరీగా ఎక్కించడం పుట్టించడం ఏంటండీ, అది చెయ్యాల్సిన పనే, ఫైల్ గుర్తుచేసింది అంతే. అదే ఫైల్ వేసే వారం ముందు అకౌంట్ తెరిచి వంద డాలర్లు వేసి మళ్లీ ముట్టుకోకపోతే ఆ స్టేట్‌మెంట్ మీకు సాయం చేయదు. పైగా ఆవిడకి ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేదు, అక్కడే ఉన్నారు, చాలా బ్యాంకులు తెరవనే తెరవవు. మీరు తనకి నెలనెలా డబ్బు పంపుతుంటే ఆ రసీదులు పెట్టండి. టాక్స్ జాయింట్‌గా వేసుకునే దారి కూడా ఉంది, తను నాన్‌రెసిడెంట్ అయినా రెసిడెంట్‌గా లెక్క వేయమని ఎంచుకుని డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ అనే టాక్స్ నంబర్ తీసుకోవచ్చు, అప్పుడు తన ఆదాయం కూడా ఇక్కడ చూపించాలి, లెక్క వేసుకుని దిగండి.

ఇంకోటి, లేనిది ఉన్నట్టు మాత్రం ఒక్క కాగితం పెట్టొద్దు. దొంగ పెళ్లి అని ఒకసారి నిర్ధారణ అయితే ఆ మనిషికి తర్వాత నిజంగా పెళ్లయినా పిటిషన్ అప్రూవ్ చేయరు, జీవితాంతం. అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా అదనం.

గాజుల గలగల:
అందరూ ఫైల్ గురించే మాట్లాడుతున్నారు, ఇంటర్వ్యూలో కూర్చునేది ఎవరు? మా ఆయన ఇక్కడే ఉన్నాడు, కాన్సులేట్లో నేనొక్కదాన్నే. నేను ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లిన ఫోల్డర్ తెరవనేలేదు. ఆయన ఏం పని చేస్తాడు, ఎంతమంది అన్నదమ్ములు, పెళ్లికి ఆయన తరఫున ఎవరొచ్చారు, చివరిసారి ఎప్పుడు కలిశారు, సంబంధం ఎవరు తెచ్చారు, ఇవే. నాకు తెలిసినవే కాబట్టి గడగడా చెప్పేశా. నా వెనకావిడకి భర్త ఇంతకుముందు పెళ్లి చేసుకున్నాడన్న సంగతే పైపైన తెలుసు, విడాకులు ఏ సంవత్సరం అంటే బిక్కమొహం వేసింది, ఫారంలో ఆయన రాసింది ఆవిడ చదవలేదంట. అన్నా, ఐ-130లో మీరు రాసిన ప్రతి తేదీ వదినకి తెలియాలి, తను వీసా అప్లికేషన్ డీఎస్-260లో రాసేది మీకు తెలియాలి. అయిదొందల పేజీలు ప్రింట్ తీసే టైములో ఫారం ఇద్దరూ కలిసి ఒకసారి చదువుకోండి.

అడ్డగాడిద:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటా. చాట్ల సంగతి ఒప్పుకోను.

కొత్త కాపురం:
చాలా థాంక్స్ అందరికీ. నిన్న రాత్రి తనకి ఫోన్ చేసి ఫారం అంతా చదివి వినిపించా. నా పాత అడ్రస్ ఒకటి తనకి తెలీదు, తను పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు వేరేలా ఉందన్న సంగతి నాకు చెప్పలేదు, చిన్నదే కదా అనుకుందట. అది సర్దాలి ముందు. చాట్లలో ఏవి పెట్టాలో తననే ఏరమన్నా, ఎవరికో చూపించాలంటే నాకూ ఇబ్బందిగానే ఉంది. ఇందాకే మెసేజ్ పెట్టింది, టికెట్ క్యాన్సిల్ అయిందని నేను చెప్పిన రోజు మూడు గంటలు పోట్లాడుకున్నాం కదా, అది పెట్టనా అని.

గాజుల గలగల:
పెట్టమనండి అన్నా. అనువాదం మాత్రం మీరు చేయకండి, మీ తరఫు మాటలే మెత్తగా చేసుకుంటారు 😄