బాపు మగ్గం చప్పుడుతో రేడియో ఆర్ట్ చదువుకి అప్లై చేయొచ్చా?

గుంటమగ్గం
అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. హనుమకొండలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. బాపు జంపఖానాలు నేస్తాడు.

రెండేళ్లుగా ఫోన్‌లో చప్పుళ్లు రికార్డు చేస్తున్నా. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ హడావిడి, హమాలీల కేకలు, వాన పడేటప్పుడు మా రేకుల కప్పు. అన్నిటికంటే ఇష్టమైంది మగ్గం. పోగుని మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది, మధ్యలో పోగుల్ని దగ్గరికి కొట్టే దువ్వెన లాంటి అచ్చు దంచుతుంది. నాడెలో నూలు చుట్టిన కండె అయిపోగానే అంతా ఆగిపోతుంది. అప్పుడు బాపు ఊపిరి వినబడుతుంది, గోడ అవతల పక్కింటి టీవీ వినబడుతుంది. కొత్త కండె పెట్టి, పోగుని నోటితో పీల్చి నాడె కంతలోంచి బయటికి తీస్తాడు. ఆ చిన్న 'స్ప్' కూడా ఫోన్‌లో పడింది.

బాపు నేస్తూనే తన చిన్నప్పటి సంగతులు చెప్పిన 12 నిమిషాల ముక్క ఒకటుంది. పోయిన నెల దాన్ని ఒక స్టూడియోకి తీసుకెళ్తే నాయిస్ అని చెప్పి మగ్గాన్ని మొత్తం తీసేసి ఇచ్చారు. మాట శుభ్రంగా ఉంది. కానీ అది మా ఇల్లు కాదు. విని ఏడుపొచ్చింది.

జర్మనీలో వైమార్ అనే ఊళ్లో బౌహౌస్ యూనివర్సిటీలో ప్రయోగాత్మక రేడియో అని ఒక విభాగమే ఉందని ఈ మధ్యే తెలిసింది. అక్కడ ఏం నేర్పుతారు? సంగీతం రాని నాలాంటి వాళ్లను తీసుకుంటారా? ఎంత డబ్బు కావాలి? రేడియో అంటే ఆర్జే ఉద్యోగమే కదా అని ఇంట్లో అడుగుతున్నారు, నాకు జవాబు చెప్పడం రావట్లేదు.

వడ్డేపల్లి_అక్క
చెల్లీ, ముందు ఆ 12 నిమిషాల అసలు ఫైలు ఇంకో రెండు చోట్ల కాపీ చేసి పెట్టు. ఆ పని అయ్యాకే మిగతాది చదువు.

నేను అక్కడే మీడియా ఆర్ట్ అండ్ డిజైన్‌లో మాస్టర్స్ చేశాను. నువ్వు చెప్పిన విభాగం అందులో ఉంటుంది. అది ఆర్జే చదువు కాదు. మాట, పాట, చప్పుడు, నిశ్శబ్దం అన్నీ సమానమైన ముడిసరుకే అనుకుని పని చేయడం నేర్చుకుంటాం. విద్యార్థులు చేసినవి ప్రసారం చేయడానికి యూనివర్సిటీకి సొంత రేడియో ఉంది. ఇల్మ్ నది పక్కన పార్కులో నా అడుగుల చప్పుడు, కాజీపేట ప్లాట్‌ఫారం మీద అమ్మ నన్ను పిలిచిన పిలుపు కలిపి ఎనిమిది నిమిషాల ముక్క చేశా. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్లు కూడా కదలకుండా విన్నారు.

మీ ఇంట్లో వాళ్లకి ఈ కథ చెప్పు. 1948లో పారిస్‌లో పియరీ షాఫెర్ అని ఒక రేడియో ఇంజనీరు. రైల్వే స్టేషన్‌కి పోయి ఇంజన్ల చప్పుళ్లు రికార్డు చేశాడు. అప్పటికి ఆయన దగ్గర టేపు కూడా లేదు, అన్నీ డిస్కులే. వాటి మీదే చప్పుళ్లను ముక్కలు చేసి, ఒకే గాడిని మళ్లీ మళ్లీ తిప్పి, దాదాపు మూడు నిమిషాల కూర్పు చేశాడు. ఆ అక్టోబరులో ఫ్రెంచి రేడియోలో వినిపించారు. ఈ కళ చరిత్రంతా ఆ రైలు దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తుంది. నీకు సంగీతం రాదన్న బెంగ వద్దు.

డబ్బు సంగతి. నేను చదివినప్పుడు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కట్టే చిన్న మొత్తమే. ఇప్పటిది యూనివర్సిటీ పేజీలో చూసుకో. అసలు బరువు వీసా దగ్గర. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అక్కడికి వెళ్లాక నెలకి 992 తీసుకోవచ్చు. అది నీ అద్దె, తిండి డబ్బే, కానీ ముందే పెట్టాలి. మా ఇంట్లో టెన్షన్ అంతా దానికే. మన చదువు పత్రాలు అసలువేనని జర్మన్ వాళ్లు చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి, అది ఆలస్యమవుతుంది, ముందే మొదలుపెట్టు.

పోర్ట్‌ఫోలియోలో మగ్గమే పెట్టు. కానీ 12 నిమిషాలు ఉన్నదున్నట్టు పంపకు. ఎక్కడ మొదలుపెట్టావు, ఎక్కడ ఆపావు అన్నది నువ్వు తీసుకున్న నిర్ణయం, అది వినబడాలి. ఇంకోటి, మగ్గం ఆగినప్పుడు ఊపిరి అంత పెద్దగా వినబడుతోందంటే ఫోన్ తనంతట తానే గెయిన్ (మైకు చప్పుడుని పెంచే మోతాదు) పెంచి ఉండొచ్చు. గెయిన్ చేత్తో పెట్టుకోనిచ్చే యాప్‌తో, చప్పుడుని కుదించకుండా దాచే వేవ్ ఫైలుగా ఒకసారి రికార్డు చేసి పోల్చి చూడు. ఫోన్‌ని మగ్గం కింది గుంటలో, బాపు కాళ్ల దగ్గర కూడా పెట్టి చూడు. పైన వినబడనిది అక్కడ వినబడుతుంది.

జహీరాబాద్_దారి
అక్క చెప్పింది నిజమే. అయితే అంత దూరం పోయే ముందు మన దగ్గరిది ఒకటి చూడమ్మా. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న మొదలైంది, 90.4 మీద వస్తుంది. ఊళ్లలోని దళిత మహిళలే రికార్డు చేసి, ఎడిట్ చేసి నడిపారు. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. బాపు మాటని 'సరిదిద్దాల్సిన' అవసరం లేదని అక్కడ తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్స్ చదివావు కాబట్టి ఒక మాట. ఇంట్లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కట్టి వీధంతా వినిపించాలని మనసు లాగుతుంది. లైసెన్సు లేకుండా ప్రసారం చేస్తే కేసవుతుంది. అరుగు మీద స్పీకర్ పెట్టి, తీగతో కలిపి వినిపించు. జనం కూర్చుని వింటుంటే వాళ్ల ముఖాలు చూడొచ్చు.

గుంటమగ్గం
అక్కా, ఫైలు మూడు చోట్ల పెట్టాను. అన్నా, అరుగు మాట చాలా నచ్చింది, మా ఇంటి ముందు అరుగుంది.

రేపు బాపు కొత్త పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతుకుతున్నాడు. పోగు పోగుకీ ముడి వేయాలి, రోజంతా మగ్గం నడవదు. ఆ రోజు ఎలా వినబడుతుందో ఇప్పటిదాకా రికార్డు చేయలేదు, రేపు చేస్తా. ఎందుకని అడిగితే పైవన్నీ బాపుకి చదివి వినిపించాను. "నేను దగ్గితే అది కూడా ఉంచుతవా బిడ్డా?" అన్నాడు. ఉంచుతానన్నాను.