అప్‌డేట్: చేతినిండా పనులున్నా ఖాతా ఖాళీ, లెక్క తేలింది

మాది భవన నిర్మాణం. కాంట్రాక్టులకు కొదవ లేదు, అయినా కూలీ చెల్లించే రోజుకి డబ్బుండదు, ఎందుకని ఇంతకుముందు ఓ పోస్టులో అడిగాను. మొదటి కారణం కోట్‌లోనే (పనికి మనం ముందుగా చెప్పే ధరలోనే) ఉంది. ఖర్చు మీద 20 శాతం కలిపితే మిగిలేది బిల్లులో 16.7 శాతమే: ఖర్చు 100, బిల్లు 120. నిజంగా 20 శాతం మిగలాలంటే 25 కలపాలి. ఆఫీసు ఖర్చులు బిల్లులో 12 శాతం ఉంటే చివరికి దక్కేది 5 లోపే. ఆపైన పని పూర్తయ్యేదాకా ప్రతి బిల్లులో 10 శాతం యజమాని పట్టి ఉంచితే, సైటు నడిచేది మన సొంత డబ్బుతోనే.

రెండో కారణం, ముందుగా వచ్చిన డబ్బును లాభమనుకోవడం. అంచనా ఖర్చులో 40 శాతమే అయింది, బిల్లు 55 శాతం వసూలైంది అనుకోండి. ఆ తేడా 15 శాతం మనం చేసిపెట్టాల్సిన పని, అంటే బాకీ. దాన్ని పాత సైటు సిమెంటు బాకీకి మళ్లిస్తే ఈ సైటు స్లాబు దగ్గర ఆగుతుంది. ఇప్పుడు వారానికోసారి సైటువారీగా ఈ రెండు శాతాలూ పక్కపక్కన రాస్తున్నాం. అలాగే కోట్‌లో లేని అదనపు పనికి యజమాని సంతకం లేనిదే మేస్త్రీకి చెప్పడం లేదు (మొహమాటం వల్ల ఇదే అన్నిటికన్నా కష్టం).